వెనకొచ్చిన కొమ్ములు ఎప్పుడూ వాడేనా?

మెరుగైన సాంకేతికతకు, పాతుకుపోయిన పాత పద్ధతికి నడుమ పోరు - తెలుగు అక్షరం చెప్పే పాఠం

"ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి" అన్న సామెత తెలుగువారికి చిరపరిచితం. కొత్తగా వచ్చినది మెరుగైనదైతే పాతదాన్ని పక్కకు నెట్టి తానే నిలుస్తుందన్న విశ్వాసం ఈ మాటలో ఇమిడి ఉంది. విపణి వీథిలో జరిగే పోటీలను గురించి కూడా చాలామంది అభిప్రాయం ఇదే. నాణ్యమైన వస్తువు వస్తే నాసిరకం వస్తువు దానంతటదే తప్పుకొంటుందని అనుకోవడం సహజం. అయితే అనుభవం అన్నివేళలా ఈ నమ్మకాన్ని బలపరచదు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. బళ్ళారిలోని ఒక డీటీపీ కేంద్రంలో ముచ్చటగా కంపోజు చేయించిన పెళ్ళి శుభలేఖను బరంపురంలో ఉన్న వియ్యాలవారికి ఈమెయిల్‌లో పంపారని అనుకొందాం. అక్కడి కంప్యూటర్‌లో దాన్ని తెరిచేసరికి తెలుగుకు బదులు ఆంగ్ల అక్షరాలు, ప్రశ్నార్థకాలు, ఏ భాషకూ చెందని గుర్తులు కలగలిసిన గందరగోళం ప్రత్యక్షమవుతుంది. వధూవరుల పేర్లు లేవు, ముహూర్తం లేదు, కల్యాణ మండపం చిరునామా లేదు. కాగితంపై ముద్రించి తపాలాలో పంపితే మాత్రం అదే శుభలేఖ చక్కగా చదువుకోవచ్చు. 2000ల తొలి సంవత్సరాల్లో కంప్యూటర్‌పై తెలుగు రాసిన ప్రతివారికీ ఇటువంటి అనుభవం ఎదురైంది. ఈ చిక్కును తీర్చగల మెరుగైన పద్ధతి అప్పటికే సిద్ధంగా ఉన్నది. అయినా అది జనంలోకి రావడానికి పదేళ్ళకు పైగా పట్టింది. ముద్రణ రంగంలోనైతే ఆ మార్పు నేటికీ పూర్తికాలేదు. దీనికి కారణాలేమిటో తెలుసుకోవాలంటే ముందుగా ఇతర రంగాలలో జరిగిన ఒకటి రెండు పోటీలను పరిశీలించడం అవసరం.

టైపు యంత్రం నేర్పిన తొలి పాఠం

నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఆంగ్ల కీబోర్డు అమరికను పై వరుసలోని తొలి ఆరు అక్షరాలను బట్టి 'క్వెర్టీ' అంటారు. అమెరికాకు చెందిన క్రిస్టఫర్ షోల్స్ రూపొందించిన టైపు యంత్రంతో పాటు ఇది వచ్చింది. 1873లో ఆయన బృందం రెమింగ్టన్ సంస్థతో ఒప్పందం చేసుకొన్నది. 1874లో యంత్రాలు విపణిలోకి వచ్చాయి. అక్షరాలను అలా చెల్లాచెదురుగా ఎందుకు అమర్చారన్న విషయంలో పరిశోధకుల మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఆ తరువాత అదే స్థిరపడిందన్నది మాత్రం నిర్వివాదాంశం. 1888లో సిన్సినాటి నగరంలో జరిగిన ఒక పోటీలో ఫ్రాంక్ మెక్‌గురిన్ అనే టైపిస్టు మీటల వంక చూడకుండానే రెమింగ్టన్ యంత్రంపై టైపు చేసి ప్రత్యర్థిని చిత్తుగా ఓడించడం ఆ యంత్రానికి గొప్ప ప్రచారాన్ని తెచ్చిపెట్టింది. శిక్షణ పొందినవారు ఎక్కువగా ఉన్న యంత్రాన్నే కార్యాలయాలు కొన్నాయి. కార్యాలయాలు కొన్న యంత్రంపైనే కొత్తవారు శిక్షణ పొందారు. ఈ విషవలయంలో మరొక అమరికకు చోటు దొరకలేదు.

1936లో ఆగస్ట్ ద్వొరాక్ అనే ఆచార్యుడు తన బావమరిది విలియం డీలీతో కలిసి మరొక అమరికకు పేటెంట్ పొందాడు. ఎక్కువగా వాడే అక్షరాలను వేళ్ళు నిలిచే నడిమి వరుసలోనే ఉంచడం దాని ప్రత్యేకత. వేళ్ళకు శ్రమ తక్కువని, వేగం ఎక్కువని ఆయన వాదించాడు. అయినా అది నెగ్గలేదు. 1985లో పాల్ డేవిడ్ అనే ఆర్థికవేత్త ఈ ఉదంతాన్ని విశ్లేషిస్తూ, చరిత్రలో యాదృచ్ఛికంగా పడిన తొలి అడుగే ఆ తరువాతి దారినంతటినీ నిర్ణయించగలదని, విపణి అన్నివేళలా ఉత్తమమైన దానినే ఎంచుకొంటుందన్న హామీ లేదని సూత్రీకరించాడు.

నాణేనికి మరొక వైపు కూడా ఉన్నది. 1990లో స్టాన్ లీబోవిట్జ్, స్టీఫెన్ మార్గోలిస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ వాదాన్ని ఖండించారు. ద్వొరాక్ అమరిక అంత గొప్పదనడానికి చూపుతున్న ఆధారాలే బలహీనమైనవని వారు పేర్కొన్నారు. ఆ అమరికను ఆకాశానికెత్తిన 1944 నాటి అమెరికా నౌకాదళ పరీక్షల సమయంలో ద్వొరాక్ స్వయంగా నౌకాదళ అధికారిగా ఉన్నాడు. 1956లో అమెరికా ప్రభుత్వం కోసం ఎర్ల్ స్ట్రాంగ్ నిర్వహించిన పరీక్షలో టైపిస్టులకు కొత్త అమరికలో మళ్ళీ శిక్షణ ఇవ్వడం వల్ల లాభం లేదని తేలింది. అందువల్ల 'మెరుగైనది ఓడిపోయింది' అనే ముందు అది నిజంగా మెరుగైనదేనా, ఎవరికి మెరుగైనది, మారడానికి అయ్యే ఖర్చును మించిన మేలు అందులో ఉన్నదా అని ప్రశ్నించుకోవలసి ఉంటుంది.

వీడియో టేపుల పోరు

రెండవ ఉదాహరణ వీడియో పార్లర్ల కాలాన్ని ఎరిగినవారికి బాగా గుర్తుండే విషయం. 1975లో సోనీ సంస్థ 'బీటామాక్స్' టేపును విడుదల చేసింది. మరుసటి ఏడాది జేవీసీ సంస్థ 'వీహెచ్ఎస్'తో ముందుకు వచ్చింది. చిత్ర నాణ్యతలో బీటామాక్స్‌దే పైచేయి అని నిపుణులు భావించేవారు. అయితే తొలినాటి బీటామాక్స్ టేపు నిడివి ఒక గంట మాత్రమే. వీహెచ్ఎస్ టేపు రెండు గంటలు నడిచేది. ఒక సినిమాను ఇంట్లో రికార్డు చేసుకోవాలనుకొనే కుటుంబానికి బొమ్మలోని స్వల్ప తేడా కంటే టేపు నిడివి ముఖ్యం. దీనికి తోడు జేవీసీ తన పద్ధతిని ఇతర తయారీదారులకు కూడా ధారాళంగా అందుబాటులో ఉంచింది. వీహెచ్ఎస్ యంత్రాలు పెరిగిన కొద్దీ అద్దె దుకాణాలు ఆ టేపులనే నిల్వ చేశాయి. దుకాణంలో ఆ టేపులే దొరుకుతున్నందున కొత్తగా కొనేవారు ఆ యంత్రాన్నే కొన్నారు. చివరకు 1988లో సోనీ సంస్థే వీహెచ్ఎస్ యంత్రాల తయారీకి పూనుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఓడినది ముందు వచ్చినదే, గెలిచినది వెనుక వచ్చినదే. అంటే ముందు రావడం ఒక్కటే బలం కాదు. ఎంతమంది వాడుతున్నారన్నదే అసలు బలం. ఒకరి ఎంపిక మరొకరి ఎంపికపై ఆధారపడని చోట పాతదాన్ని కూలదోయడం చాలా సులువు. 1995లో మొదలైన ఆల్టావిస్టా అంతర్జాల శోధనలో అగ్రస్థానంలో ఉండేది. 1998లో పుట్టిన గూగుల్ కొద్ది సంవత్సరాలలోనే దాన్ని వెనక్కు నెట్టింది. ఒకదాన్ని వదిలి మరొకదాన్ని వాడడానికి వినియోగదారుకు పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. పక్కింటివారు ఏది వాడుతున్నారన్నది కూడా అప్రస్తుతం. ఈ రెండు ఉదాహరణల మధ్య ఉన్న తేడాను మనసులో ఉంచుకొని ఇక తెలుగు విషయానికి వద్దాం.

సీసపు అక్షరాల నుంచి డీటీపీకి

తెలుగు ముద్రణలో మొదటి పెద్ద మార్పు ఆశ్చర్యకరమైన వేగంతో జరిగిపోయింది. లెటర్‌ప్రెస్ కాలంలో కంపోజిటర్ ఎదుట వందలాది గళ్ళున్న కేసులు ఉండేవి. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలతో తెలుగు కేసు ఆంగ్ల కేసు కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఒక్కొక్క సీసపు అక్షరాన్ని ఏరి, కంపోజింగ్ స్టిక్కులో పేర్చి, పుట కట్టి, ట్రెడిల్ యంత్రంపై అచ్చు వేసి, ఆ తరువాత మళ్ళీ అక్షరాలన్నింటినీ విడదీసి ఏ గడిలోది ఆ గడిలో వేయవలసి ఉండేది. 1980ల చివర, 1990లలో డీటీపీ, ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చిన కొద్ది కాలానికే ఈ వ్యవస్థ చాలా పట్టణాలలో కనుమరుగైంది.

పాతుకుపోయిన పద్ధతి అంత త్వరగా ఎలా కూలింది? సమాధానం సులభం. ఒక ప్రెస్సు యజమాని డీటీపీకి మారాలంటే పక్క ఊరి ప్రెస్సును అడగనవసరం లేదు. పాఠకుడు కొత్తగా నేర్చుకోవలసినది ఏదీ లేదు. చేతికి అందే కాగితం కాగితమే, దానిపైన అక్షరం అక్షరమే. ఎవరికి వారు ఒంటరిగా మారగలిగారు. మారినవారికి మరునాటి నుంచే ఖర్చు కలిసి వచ్చింది. నష్టపోయినది మాత్రం దశాబ్దాల నైపుణ్యం చేతుల్లో ఉన్న కంపోజిటర్లు. సాంకేతిక విజయాలను లెక్కించేటప్పుడు వారి కష్టాన్ని ఎవరూ ఖాతాలో రాయలేదన్నది వేరే విషయం.

అయితే ఇంత సులువుగా గెలిచిన డీటీపీ పద్ధతే ఆ తరువాత తనకంటే మెరుగైన దానికి అడ్డుగోడగా నిలిచింది.

ఒకే అక్షరానికి రెండు లెక్కలు

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రమే తెలుసు. ఏ అక్షరానికి ఏ అంకె అన్న ఒప్పందాన్ని బట్టి అది తెరపై బొమ్మ గీస్తుంది. నాటి డీటీపీ ఫాంట్లలో అక్షరాలకు 256 గళ్ళు మాత్రమే ఉండేవి. ఆ గళ్ళలో నిజానికి ఆంగ్ల అక్షరాలు ఉండాలి. ఫాంట్ల తయారీదారులు వాటి బొమ్మలను తీసివేసి తెలుగు అక్షరాల ముక్కలను పెట్టారు. తలకట్టు ఒక గడిలో, గుడి మరొక గడిలో, ఒత్తు ఇంకొక గడిలో. ఆపరేటర్ ఆ ముక్కలను వరుసగా పేర్చితే తెరపై తెలుగు కనిపిస్తుంది. కంప్యూటర్ మాత్రం అది ఆంగ్లమనే అనుకొంటుంది. పైగా ఏ ముక్కను ఏ గడిలో పెట్టాలన్న దానిపై తయారీదారుల మధ్య ఒప్పందం లేదు. అను, శ్రీలిపి, ఆకృతి ఇత్యాది సాఫ్ట్‌వేర్లు ఎవరి లెక్క వారివే. అందువల్లనే ఒక ఫాంటులో రాసిన శుభలేఖ మరొక చోట తెరిస్తే గజిబిజిగా మారింది.

ఈ చిక్కును ముందే ఊహించినవారు లేకపోలేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణెలోని సీడాక్ సంస్థలో కొనసాగిన కృషి ఫలితంగా భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా 'ఇస్కీ' అనే సంకేత పద్ధతి రూపొంది, 1991లో భారతీయ ప్రమాణంగా గుర్తింపు పొందింది. అదే ఏడాది అంతర్జాతీయ స్థాయిలో 'యూనికోడ్' తొలి సంచిక వెలువడింది. అందులో తెలుగుకు ఇస్కీ క్రమాన్నే అనుసరించి 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ఈ లెక్కలో 'క' అంటే ప్రపంచంలో ఎక్కడైనా 3093. 'శ్రీ' అన్న అక్షరం శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి అనే నాలుగు అంకెల వరుసగా భద్రమవుతుంది. వాటిని కలిపి అందమైన 'శ్రీ'గా గీసే బాధ్యత ఫాంటుదీ, ఆపరేటింగ్ సిస్టందీ. ఫాంటు మారితే అందం మారుతుంది గాని అక్షరం మారదు.

సరిహద్దు జిల్లాల పాఠకులకు ఇందులో మరొక విశేషం ఉంది. తమిళ 'క' సంఖ్య 2965, తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. వరుసగా సరిగ్గా 128 తేడా. ఒడియా 'క' 2837, మరాఠీకి వాడే దేవనాగరి 'క' 2325. లిపులు వేరైనా వర్ణమాల క్రమం ఒక్కటే అన్న పురాతన సత్యం ఈ అంకెలలో ప్రతిఫలించింది. ఒక భాషలో రాసిన పేరును మరొక లిపిలోకి మార్చడం ఇందువల్ల చాలావరకు కూడికగా, తీసివేతగా మారింది. రేషన్ కార్డు ఒక లిపిలో, బడి రికార్డు మరొక లిపిలో ఉండే కుటుంబాలకు దీని విలువ చెప్పనక్కరలేదు.

మెరుగైనది ఎందుకు వెనుకబడింది?

ఇన్ని సుగుణాలున్న యూనికోడ్ వెంటనే నెగ్గలేదు. దానికి ఎవరి మొండితనమో కారణమని చెప్పడం తేలిక. వాస్తవంలో ప్రతి ఒక్కరికీ తమ తమ న్యాయమైన కారణాలు ఉన్నాయి.

మొదటిది చేతి అలవాటు. ఒక ఫాంటు కీబోర్డులో ఏళ్ళ తరబడి ఆరితేరిన ఆపరేటర్‌కు వేగమే జీవనాధారం. పుటకు ఇంత అని లెక్కగట్టి సంపాదించే వ్యక్తి నెలల పాటు వేగాన్ని కోల్పోయి కొత్త అమరికను నేర్చుకోవాలంటే ఆ నెలల కూలి ఎవరిస్తారు?

రెండవది పేజీమేకర్. ఊరూరా డీటీపీ కేంద్రాలు పేజీలు కట్టినది ఈ సాఫ్ట్‌వేర్‌లోనే. 2001లో వచ్చిన 7.0 దాని చివరి సంచిక. అది యూనికోడ్‌ను ఎరుగదు. దాని వారసురాలైన ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులు సజావుగా అమరడానికి 2012 నాటి సీఎస్6 వరకు ఆగవలసి వచ్చింది. పనిముట్టు సహకరించనప్పుడు ప్రమాణం ఎంత గొప్పదైనా పనివాడికి అక్కరకు రాదు.

మూడవది అందం. పాత పద్ధతిలో శీర్షికలకు, శుభలేఖలకు, కరపత్రాలకు రకరకాల ఫాంట్లు ఉండేవి. యూనికోడ్‌లో తొలినాళ్ళలో విండోస్‌తో వచ్చిన 'గౌతమి', తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన 'పోతన', 'వేమన' వంటి కొద్ది ఫాంట్లు మాత్రమే అందుబాటులో ఉన్నాయి. ఒకే రకం అక్షరంతో పత్రిక నడవదు.

నాల్గవది చదివేవాడి కష్టం. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి చోటు దక్కినా, తెలుగు, కన్నడాలకు 2001 నాటి ఎక్స్‌పీ వరకు దక్కలేదు. ఎక్స్‌పీలో కూడా ఆ సదుపాయాన్ని ఇన్‌స్టలేషన్ సీడీ పెట్టి ప్రత్యేకంగా అమర్చుకోవలసి ఉండేది. నెట్ సెంటర్‌లో గంటకింత అని చెల్లించి కూర్చున్న వ్యక్తి ఆ సీడీని ఎక్కడి నుంచి తెస్తాడు? అతనికి తెరపై కనిపించేవి ఖాళీ పెట్టెలే. అందుకే నాటి తెలుగు పత్రికల వెబ్‌సైట్లు పలు తమ సొంత ఫాంట్లనే వాడాయి. పాఠకులు యూనికోడ్‌కు సిద్ధంగా లేరని పత్రికలు, యూనికోడ్‌లో చదవడానికి ఏమీ లేదని పాఠకులు. విత్తు ముందా, చెట్టు ముందా అన్న చందం.

ఈ నాలుగింటినీ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ముద్రించిన కాగితమే తుది గమ్యమైన ఆపరేటర్‌కు పాత పద్ధతే మెరుగైనది. అదే రచనను దూరాన ఉన్నవారికి పంపాలనుకొనే వారికి, వెతకాలనుకొనే వారికి, పదేళ్ళ తరువాత మళ్ళీ తెరవాలనుకొనే వారికి యూనికోడ్ మెరుగైనది. కష్టపడి మారవలసినది ఒకరు, మేలు పొందేది మరొకరు. మెరుగైన సాంకేతికత ఆగిపోయే చోటు సాధారణంగా ఇదే.

పొరుగు భాషల పరిస్థితి ఇంతకు భిన్నం కాదు. తమిళనాడులో 1999 నాటి చెన్నై సదస్సు తరువాత ప్రభుత్వం ఉమ్మడి కీబోర్డును, ఫాంటు సంకేతాలను ప్రకటించింది. కర్ణాటకలో 'నుడి', 'బరహ' సాఫ్ట్‌వేర్లు కన్నడానికి బాట వేశాయి. ఒడిశాలో 'ఆకృతి', హిందీ ప్రాంతాలలో 'కృతిదేవ్' ఫాంట్లు పాతుకుపోయాయి. ప్రతి భాషా తన పాత ఫాంట్ల బరువును మోస్తూనే యూనికోడ్ వైపు నడిచింది.

నెగ్గని ప్రమాణం: ఇన్‌స్క్రిప్ట్

పూర్తిగా నెగ్గలేకపోయిన ప్రమాణం కూడా ఒకటున్నది. భారత ప్రభుత్వం 1980లలో అన్ని భారతీయ భాషలకూ ఉమ్మడిగా 'ఇన్‌స్క్రిప్ట్' కీబోర్డును ప్రకటించింది. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. తెలుగు 'క' ఏ మీటపై ఉన్నదో కన్నడ, ఒడియా, తమిళ, దేవనాగరి 'క'లు కూడా అదే మీటపై ఉంటాయి. ఒక భాషలో చేయి తిరిగితే మిగిలిన భాషలన్నీ వచ్చినట్లే. రెండు మూడు భాషలతో నిత్యం వ్యవహరించే సరిహద్దు ప్రాంతాలవారికి ఇంతకంటే అనువైన అమరిక మరొకటి ఉండదు.

అయినా ప్రజలు ఎంచుకొన్నది వేరొక దారి. కంప్యూటర్ కొన్న తెలుగువారిలో అత్యధికులకు ఆంగ్ల కీబోర్డు అప్పటికే కొంత అలవాటు. ఆంగ్ల అక్షరాలలో తెలుగు మాటను రాస్తే దానంతటదే తెలుగు లిపిలోకి మారే పద్ధతి వారికి క్షణంలో పట్టుబడింది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువారు 1990ల ఆరంభంలో రూపొందించిన ఆర్టీఎస్ ఈ దారికి ఆద్యం. వీవెన్ 2006లో అందుబాటులోకి తెచ్చిన 'లేఖిని' దాన్ని సామాన్యులకు చేరువ చేసింది. షోల్స్ దొర 19వ శతాబ్దంలో అమర్చిన మీటలు 21వ శతాబ్దపు తెలుగు రాతను కూడా శాసించడం విచిత్రమే.

దీన్ని పరాజయం అనవచ్చా? ఇన్‌స్క్రిప్ట్ నేర్చినవాడు వేగంగా రాస్తాడు. అయితే నెలలో ఒక ఉత్తరం రాసేవాడికి వేగం కంటే నేర్చుకోనక్కరలేకపోవడమే ముఖ్యం. వినియోగదారుల అవసరాలు ఒక్కటి కానప్పుడు ఏది మెరుగన్న ప్రశ్నకు జవాబు కూడా ఒక్కటి కాదు.

గెలుపు ఎటు నుంచి వచ్చింది?

యూనికోడ్ చివరకు గెలిచింది. పాత కోటను బద్దలు కొట్టి కాదు, కోట లేని మైదానంలో ఇల్లు కట్టుకొని. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2005 తరువాత తెలుగు బ్లాగులు పుంజుకొన్నాయి. వీటిని రాసినవారిలో అధికులు డీటీపీ వృత్తివారు కారు. పాత అలవాటు లేదు గనుక మారవలసిన శ్రమా లేదు. వారి రాతలు శోధన యంత్రాలకు దొరికాయి. పాత ఫాంట్లలో ఉన్న పత్రికల రాతలు దొరకలేదు. వెతికితే దొరకడం, దొరకకపోవడం అన్న తేడా పత్రికలను సైతం ఆలోచింపజేసింది.

రెండవ కారణం వారధులు. నాగార్జున వెన్న రూపొందించిన 'పద్మ' అనే పరికరం ఫైర్‌ఫాక్స్‌లో పాత ఫాంట్ల పుటలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది. అటువంటి మార్పిడి సాఫ్ట్‌వేర్లు మరికొన్ని వచ్చాయి. పాతదాన్ని పారవేయకుండానే కొత్తదానిలోకి అడుగుపెట్టే వీలు కలగడంతో భయం తగ్గింది.

మూడవది తెలుగు దానంతటదే కనిపించడం. 2007లో విడుదలైన విండోస్ విస్టాలో ఏ సీడీ అవసరం లేకుండానే తెలుగు అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ జెల్లీబీన్ సంచికతో తెలుగు ఫోన్లలోకి వచ్చింది. 2016 తరువాత డేటా ఖరీదు తగ్గడంతో వాట్సాప్ పల్లెలకు పాకింది. ఫోనులో వేరే పద్ధతి లేదు, ఉన్నది యూనికోడ్ ఒక్కటే. ఆ పేరు ఎన్నడూ వినని కోట్లమంది దాన్ని నిత్యం వాడుతున్నారు. ప్రభుత్వ ఉత్తర్వులతోనూ, సదస్సుల తీర్మానాలతోనూ పూర్తికాని పని చేతిలోని ఫోనుతో పూర్తయింది.

నాల్గవది ఫాంట్ల కొరత తీరడం. 2010ల తొలి సంవత్సరాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర సంస్థ పూనికతో పెక్కు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా విడుదలయ్యాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయల పేర్లు వాటిలో కొన్నింటికి పెట్టారు. హంపీ ఆస్థానపు పేర్లు ఆ విధంగా కంప్యూటర్ తెరపైకి వచ్చాయి.

గెలిచినదానిలో లోపాలు లేవని కాదు. ముక్కలను కలిపి అక్షరాన్ని గీయడం క్లిష్టమైన పని. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరానికి సంబంధించిన ఒకానొక సంకేతాల వరుస తెరపైకి రాగానే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలిపోవడం ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది. ఆపిల్ సంస్థ కొద్ది రోజులలోనే సవరణను విడుదల చేసింది. విస్తారమైన వాడుకలో ఉన్న సాంకేతికతకు ఇదొక రక్ష. లోపం బయటపడితే సరిదిద్దేవారు ఉంటారు.

ముద్రణ రంగంలో మాత్రం పాత ఫాంట్లు ఇంకా సజీవంగానే ఉన్నాయి. పాత పద్ధతిలో కంపోజు చేసి, వెబ్‌సైటుకు కావలసినప్పుడు మార్పిడి చేసుకొనే కార్యాలయాలు నేటికీ ఉన్నాయి. పాతుకుపోయినది పూర్తిగా ఓడదు, తన ఉపయోగం మిగిలి ఉన్న మూలకు జరిగి కూర్చుంటుంది.

సరిహద్దు తెలుగుకు ఇందులో పణం ఏమిటి?

ఇది కేవలం సాంకేతికుల తగాదా అయితే ఇంతగా చర్చించనవసరం లేదు. బళ్ళారి, కోలారు, హోసూరు, గజపతి, గంజాం, చంద్రపూర్, యానాం ప్రాంతాల తెలుగు సంఘాలు గత మూడు దశాబ్దాలుగా వెలువరించిన వార్షికోత్సవ సంచికలు, ఆలయ చరిత్రలు, కవి సమ్మేళన సంకలనాలు, స్థానిక కవుల పుస్తకాలు అధికభాగం పాత ఫాంట్లలోనే కంపోజు అయ్యాయి. వీటి ప్రతులు కొద్ది వందలకు మించి అచ్చు కావు. ముద్రిత ప్రతులు చెదలకు పోగా మిగిలేది డీటీపీ కేంద్రంలోని పాత కంప్యూటర్‌లో, లేదా గీతలు పడిన సీడీలో ఉన్న పేజీమేకర్ ఫైలు మాత్రమే. ఆ ఫాంటు పేరు మరచిపోతే, ఆ సాఫ్ట్‌వేర్ నడిచే యంత్రం మూలపడితే ఆ రచన ఉన్నా లేనట్టే. తెలుగు రాష్ట్రాలలో అచ్చయిన పుస్తకానికి మరొక గ్రంథాలయంలో మరొక ప్రతి దొరకవచ్చు. సరిహద్దు ఊరి ఆలయ చరిత్రకు రెండవ ప్రతి ఉండదు.

భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధన సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం నిర్దేశిస్తున్నది. ఆచరణలో తెలుగు బడులు, తెలుగు ఉపాధ్యాయులు తగ్గుతున్న చోట్ల పిల్లవాడికి తెలుగు అక్షరం కంటబడే చోటు ఫోనే. తాతగారి వ్యాసం ఆ ఫోనులో వెతికితే దొరకాలంటే అది యూనికోడ్‌లో ఉండి తీరాలి.

చేయవలసిన పని పెద్దది కాదు. పాత ఫైళ్ళను అవి నడుస్తున్న యంత్రం పాడుకాక ముందే వెలికితీయాలి. ఏ ఫాంటులో కంపోజు చేశారో రాసి, ఆ ఫాంటును కూడా ఫైలుతో పాటు భద్రపరచాలి. పుట రూపం చెడకుండా పీడీఎఫ్ ప్రతి ఒకటి తీయాలి. ఆపై మార్పిడి సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్ ప్రతి తయారుచేసి, ఒత్తులు, సంయుక్తాక్షరాలు తప్పుపోకుండా తెలుగు తెలిసినవారితో ఒకసారి చదివించాలి. కొత్తగా అచ్చుకు ఇచ్చే ప్రతి సంచికకూ యూనికోడ్ ప్రతి ఇవ్వాలని డీటీపీ కేంద్రంతో ముందే మాట్లాడుకోవాలి. ఆ అదనపు శ్రమకు ఆపరేటర్‌కు తగిన ప్రతిఫలం చెల్లించడం కూడా న్యాయం. మేలు పొందేవారు ఖర్చును పంచుకోనందువల్లనే కదా ఇన్నేళ్ళ ఆలస్యం జరిగింది!

మెరుగైన సాంకేతికత గెలుస్తుందా అన్న ప్రశ్నకు తెలుగు అక్షరం ఇచ్చే జవాబు ఇది. ఎవరికి వారు మారగలిగిన చోట అది త్వరగా గెలుస్తుంది. అందరూ కలిసి మారవలసిన చోట ఆగిపోతుంది. పాత అలవాటు లేని కొత్త తరం, కొత్త పరికరం వచ్చినప్పుడు మళ్ళీ కదులుతుంది. ఆ నిరీక్షణ కాలంలో పోగొట్టుకొన్నది మాత్రం తిరిగి రాదు. వెనకొచ్చిన కొమ్ములు వాడివే కావచ్చు, అవి మొలిచేలోగా చెవులు విన్నదాన్ని భద్రపరచుకోవడం మన బాధ్యత.